చూపుకు కూడ హద్దు వున్నది

"ముట్టలేదు, కొట్టలేదు, తీసుకోలేదు. ఊరికే చూచాము. ఇందులో పాపం ఏమున్నది తాతా?"

మా ఇంటి పిల్లవాడు అడిగిన ఈ ప్రశ్నకు ఆనాడు నేను సరియైన సమాధానం చెప్పలేకపోయాను. తరువాత చాల రోజులు దీనిని గురించి ఆలోచించాను. ఈ సంచికకు ఏదైనా వ్రాయమని అడిగినప్పుడు, ఆ సమాధానమే వ్రాయవచ్చునని తోచింది.

నీటిని వడగట్టి త్రాగడం, ప్రొద్దు క్రుంకక ముందే భోజనం ముగించడం, నేల చూచి అడుగు వేయడం మన ఇండ్లలో పిల్లలకు మాటలతోపాటే వచ్చే అలవాట్లు. చేతికి, కాలికి, నోటికి మన పెద్దలు హద్దులు ఏర్పరచారు. కంటికి కూడ నిగ్రహం చెప్పిన మాట నిజమే. కాని ఆ నిగ్రహం మన మనస్సు చెడకుండ కాపాడుకోవడానికే అని అనుకుంటాము. మన చూపు ఎదుటి ప్రాణికి ఏమి చేస్తుందో ఆలోచించడం అరుదు.

మాది ఊత్తంగరై. తూర్పున జవ్వాది కొండలు, ఊరికి దగ్గరలో పాంబారు జలాశయం. ఇంటిలో తెలుగు, అంగడిలో తమిళం. మా అన్నగారి మనుమడు బెంగళూరులో చదువుకొంటున్నాడు. ఈనాటి చాలమంది యువకులవలె వానికి పక్షులను చూచే అలవాటు పట్టుకున్నది. మంచి అలవాటే. తుపాకి పట్టిన చేతికంటె దుర్భిణి పట్టిన చేయి వెయ్యి రెట్లు మేలు. వేసవి సెలవులకు వచ్చినప్పుడు వాడు మూరెడు పొడవున్న కెమెరా తెచ్చాడు. తెల్లవారుజామున నన్ను కూడ లేపి తీసుకొనిపోయేవాడు.

ఒకనాడు జలాశయం ఒడ్డున రాతినేలమీద తీతువుపిట్ట గుడ్లు కనబడినవి. గూడు అనడానికి ఏమీ లేదు. నేలమీద చిన్న గుంట, అందులో నాలుగు గుడ్లు. గులకరాళ్ళ మధ్య గులకరాళ్ళవలె వున్నవి. తల్లిపిట్ట, తండ్రిపిట్ట మా తలలమీద తిరుగుతూ ఒకటే అరపు. పిల్లవాడు బోర్లపడుకొని, పిట్ట దిగితే గుడ్లతోసహా ఫోటో తీయాలని కాచుకున్నాడు. ఎండ ఎక్కినది. వానికి ఎండ తగలకుండ నేను గొడుగు పట్టి నిలబడినాను. ఇంచుమించు గంటసేపు అట్లాగే వున్నాము.

అటు మేకలు తోలుకొని వచ్చిన ముసలివాడు మమ్మల్ని కొంతసేపు చూచి అన్నాడు: "సామీ, పిల్లోనికి గొడుగు పట్టుకోనుండావు, బాగుండాది. ఆ గుడ్లకు గొడుగు ఆ పిట్టే గదా. మీరు లేచి పోతేనే అది వస్తాది."

మేము లేచి వచ్చాము. మరునాడు పోయి చూస్తే గుడ్లు లేవు. రెండు పెంకుముక్కలు మాత్రం వున్నవి. కాకి తిన్నదో, ముంగిస తిన్నదో తెలియదు. మా జాడ పట్టుకొని వచ్చినదో, మేము పోకపోయినా వచ్చి వుండేదో అదీ చెప్పలేను. ఆ పెంకులను చూచిన పిమ్మటనే పిల్లవాడు ఆ ప్రశ్న అడిగినాడు. అడిగినప్పుడు వాని గొంతు వణికింది. తప్పు లేదని అనిపించుకోవడానికే అడిగినాడని నాకు తెలిసింది.

ముందుగా లోకవ్యవహారం చూద్దాము. మన దేశంలో 1972లో వచ్చిన వన్యప్రాణి సంరక్షణ చట్టం 'వేట' అనే మాటకు ఇచ్చిన అర్థం చదివితే ఆశ్చర్యం కలుగుతుంది. చంపడం, వలపన్ని పట్టడం మాత్రమే వేట కాదు. అడవిపక్షుల గుడ్లకు నష్టం కలిగించడం, గుడ్లను గాని గూళ్ళను గాని కలతపెట్టడం కూడ వేటయే అని ఆ చట్టం చెప్పుతున్నది. చట్టం వ్రాసినవారు ధర్మశాస్త్రం వ్రాయడానికి కూర్చున్నవారు కారు. అయినా వారు కనిపెట్టిన విషయం మనం కనిపెట్టలేదు. ఆయుధం లేకుండ కూడ వేట సాగుతుంది.

అది ఎట్లాగో మేకలవాడు ఒక్క మాటలో చెప్పాడు. తీతువు ఎండలో గుడ్లమీద కూర్చుండేది వాటికి వెచ్చదనం ఇవ్వడానికి మాత్రమే కాదు, మండే ఎండ తగలకుండ కాయడానికి కూడ. నీటి దగ్గరకు పోయి రొమ్ము ఈకలను తడుపుకొని వచ్చి, ఆ తడితో గుడ్లను చల్లబరుస్తుంది. మనం నిలిచివున్నంతసేపు ఆ పని ఆగిపోతుంది. మనిషి తదేకంగా ఎటు చూస్తున్నాడో కాకి కూడ అటే చూస్తుంది. కొమ్మ అడ్డమున్నదని ఫోటోకోసం ప్రక్కకు వంచితే, ఎండనూ శత్రువునూ ఆపే తెర పోతుంది. వీటిలో ఏ ఒక్కటీ మనం 'చేసిన' హింస కాదు. మనం అక్కడ వుండడంవల్ల జరిగిన హింస.

తీతువు మన ప్రాంతంలో ఎక్కువగా వున్న పక్షి. ఒకసారి గుడ్లు పోతే మరల పెట్టగలదు. అరుదైన పక్షుల సంగతి అట్లా కాదు. పైగా అరుదైనకొద్దీ దానిని చూడాలనే కోరిక పెరుగుతుంది. సరుకు తగ్గితే గిరాకి పెరుగుతుందన్న సూత్రం వర్తకులకు ఒకరు చెప్పవలసిన పని లేదు. అంగడిలో అది వ్యాపారం. అడవిలో అది మృత్యువు. ఉత్తర అట్లాంటిక్ సముద్రంలో గ్రేట్ ఆక్ అనే ఎగురలేని పెద్దపక్షి వుండేది. మాంసానికి, ఈకలకు చంపగా చంపగా అది అరుదైనది. అరుదైన పిమ్మట దాని చర్మానికి, గుడ్డుకు ప్రదర్శనశాలలవారు, సేకరణ చేసే ధనికులు పోటీపడినారు. 1844 జూన్ నెలలో ఐస్‌లండ్ దగ్గర ఎల్డీ అనే రాతిదీవిలో గుడ్డు పొదుగుతున్న జంటను చంపారు. అదే ఆఖరి జంట అని చెప్పుతారు. చంపినవారిని పంపినవాడు ఒక వర్తకుడు. అతనికి ఆ పక్షిమీద ద్వేషం ఏమీ లేదు. కోరిన సరుకు తెప్పించి ఇచ్చాడు, అంతే. మన వృత్తివాడు గనుక ఈ కథ మనం మరచిపోరాదు.

పంజరంలోని పిట్టలను కొని ఎగురవేయడం పుణ్యమని చేసేవారు మనలో వున్నారు. వారి దయను నేను శంకించను. కాని కొనేవాడు వున్నాడని తెలిసిన బోయవాడు మరునాడు మరి పది పిట్టలను తెస్తాడు. దయకు కూడ లెక్క చూచుకోవలసి వుంటుంది.

మనకు దగ్గరి కథ మరొకటి వున్నది. కడప జిల్లా శ్రీలంకమల్ల కొండల క్రింద, పొదలు పెరిగిన రాతినేలలో కలివికోడి అనే పక్షి వున్నది. జెర్డన్ అనే ఇంగ్లీషు వైద్యుడు కనిపెట్టగా 1848లో లోకానికి తెలిసింది. దానిని ఇంగ్లీషులో అతని పేరుతోనే పిలుస్తారు. రాత్రివేళ నేలమీద తిరిగే పక్షి. 1900 తరువాత ఎవరికీ కనబడలేదు, నశించిపోయినదని తలచారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఒక స్థానిక వేటగాడు రాత్రి దీపపు వెలుతురులో దానిని పట్టాడు. బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘంవారు ఆ పక్షికోసం అక్కడ వెదకుతున్న రోజులవి. ఎనభై ఆరు సంవత్సరాల తరువాత దొరికిన ఆ పక్షి చెరలోనే చనిపోయింది.

ఈ పక్షికి సంబంధించిన మరొక సంగతి మన కృష్ణగిరికి పొరుగున వున్న కోలారు బంగారు గనులతో ముడిపడివున్నది. అక్కడ పనిచేసిన ఒక పశువైద్యుడు 1917లో ఒక గుడ్డు సేకరించాడు. అది స్కాట్లండ్ చేరి, సుమారు తొంభై ఏండ్లు ఎవరికీ పట్టకుండ వుండి, చివరకు అబెర్డీన్ విశ్వవిద్యాలయపు ప్రదర్శనశాలలో ఒక సొరుగులో కనబడింది. జన్యుపరీక్ష చేసి అది కలివికోడి గుడ్డు అని నిర్ధారించారు. పగిలి పిల్ల కావలసిన గుడ్డు సొరుగులో సొత్తు అయింది. తొంభై ఏండ్లపాటు ఆ సొత్తువల్ల పక్షికి గాని మనిషికి గాని కాసంత ప్రయోజనం కలుగలేదు. అపరిగ్రహమంటే ఏమిటో పిల్లలకు చెప్పవలసివస్తే నేను ఈ గుడ్డు కథ చెప్పుతాను.

ఇంతవరకు చదివినవారు, "అయితే చూడడమే మానుకోవాలా?" అని అడుగవచ్చును. అట్లా అంటే అది ఏకాంతవాదం అవుతుంది. ఒకే ప్రక్కనుండి చూచి తీర్పు చెప్పడం మన మార్గం కాదు. రెండవ ప్రక్క కూడ చూడండి. 1986లో ఎవరూ వెదకివుండకపోతే 1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడివుండేది కాదు. 2005లో తెలుగు గంగ కాలువ త్రవ్వకం ఆ పక్షి తావులలోకి వచ్చినప్పుడు, అక్కడ పనిచేస్తున్న పరిశోధకులు చూచి చెప్పబట్టే పని ఆగి, కాలువ దారి మార్చారు. చూచేవాడు లేని ప్రాణికి సాక్షి లేడు. సాక్షి లేనివాని ఆస్తి ఎవరైనా ఆక్రమించవచ్చును.

కనుక ప్రశ్న చూడాలా వద్దా అన్నది కాదు. ఎట్లా చూడాలి అన్నది.

దీనికి కూడ కలివికోడే సమాధానం చెప్పింది. మొదటి పక్షి చెరలో చనిపోయిన తరువాత సుమారు పదిహేనేండ్లకు పరిశోధకులు మరొక పద్ధతి అవలంబించారు. పొదల మధ్య మెత్తని మట్టిని సన్నని పట్టీలుగా పరచి వెళ్ళిపోయేవారు. తెల్లవారిన తరువాత వచ్చి ఆ మట్టిమీద పడిన అడుగుజాడలను చదివేవారు. పక్షి తనంతట తాను నడచిపోయినప్పుడు ఫోటో తీసే యంత్రాలను అమర్చారు. పక్షి తన దారిన తాను పోయింది. మనిషికి కావలసిన జ్ఞానం మనిషికి లభించింది. ఎవరికీ నష్టం లేదు. కాంక్షతో చూడడానికీ, శ్రద్ధతో చూడడానికీ గల భేదం నాకు ఆ మట్టిపట్టీలలో కనబడింది. మొదటిది పక్షిని తన దగ్గరకు రప్పించుకొంటుంది. రెండవది పక్షి వదలిపెట్టినదానితో తృప్తిపడుతుంది.

స్కాట్లండ్‌వారి అనుభవం కూడ ఇదే చెప్పుతుంది. ఆస్ప్రే అనే చేపల గద్ద శీతకాలంలో మన జలాశయాలకు కూడ వస్తుంది. ఆ దేశంలో అది గూడు కట్టడం మానివేసి చాలకాలమైన పిమ్మట, 1954లో గార్టెన్ సరస్సు దగ్గరి అడవికి ఒక జంట తిరిగివచ్చింది. 1958లో కాపలా వున్నా రాత్రివేళ దొంగ చెట్టు ఎక్కి గూటినుండి గుడ్లు తీశాడు. మరుసటి సంవత్సరం పక్షిసంరక్షణ సంఘంవారు గూటిని దాచడానికి బదులు, దూరంగా ఒక చాటు కట్టి, దుర్భిణులు పెట్టి, ప్రజలందరినీ రమ్మన్నారు. ఆ వేసవిలో సుమారు 14,000 మంది వచ్చారు. గూటిలో మూడు పిల్లలు పెరిగి ఎగిరిపోయినవి. అంతమంది చూచినా పక్షికి హాని కలుగలేదు, ఎందుకంటే దూరం ఎంత వుండాలో పక్షినిబట్టి నిర్ణయించారు. చూచేవారి కోరికనుబట్టి కాదు.

మన వ్రతాలు ఈ విషయంలో ఎంత స్పష్టంగా దారి చూపుతవో గమనించండి. ఇవ్వనిదానిని తీసుకోరాదన్నది అచౌర్యం. మైదానంమీద ఎగిరే పక్షి తన దర్శనం అందరికీ ఇస్తున్నది. తీసుకోవచ్చును. పొదలో గూడు దాచుకున్న పక్షి ఇవ్వనని చెప్పుతున్నది. అక్కడ పొద తొలగించి చూడడం దొంగతనమే. సత్యం సంగతి: ఈ రోజులలో పక్షి కూతను ఫోనులో వినిపించి పక్షిని బయటికి రప్పిస్తారు. తన తావులోకి మరొక పక్షి జొరబడినదని భ్రమపడి అది గుడ్లు వదలి పోరాటానికి వస్తుంది. లెక్కలు తీసే శాస్త్రజ్ఞుడు అవసరంమేరకు ఒకటి రెండు సార్లు ఆ పని చేయడం వేరు. ఫోటోకోసం గూటికాలంలో మాటిమాటికి వినిపించడం వేరు. పక్షితో ఆడినా అబద్ధం అబద్ధమే. అపరిగ్రహం: నేను రెండు వందల జాతులు చూచాను, నీవు నూటయాభై చూచావు అని లెక్క పెంచుకోవడం పద్దుపుస్తకంలో ఆస్తి పెంచుకోవడంవంటిదే. 2025 ఆగస్టులో కలివికోడి పిలుపును కడప జిల్లాలో మరల ధ్వనిముద్రణ చేసినట్లు పక్షి పరిశీలకులు ప్రకటించారు. సంతోషించవలసిన వార్త. వెంటనే అక్కడికి పరుగెత్తాలని కోరిక పుట్టినవారికి నేను ఒకటే మనవి చేస్తాను. అది వున్నదని తెలిసింది గదా. అది చాలదా?

వానకాలం నాలుగు నెలలు మన సాధువులు విహారం మాని ఒకేచోట ఎందుకు వుంటారు? ఆ కాలంలో నేల అంతా ప్రాణులతో నిండి వుంటుంది గనుక. పక్షికి గూటికాలం వచ్చినప్పుడు, ఆ గూటి చుట్టూ వున్న నేల విషయంలో మనకు కూడ చాతుర్మాస్యం వచ్చినదని తలచుకుంటే చాలును. వేరే నియమావళి అక్కరలేదు.

చివరగా మనవారితో మరొక మాట చెప్పక తప్పదు. మన ప్రాంతపు రాతిగుట్టలలో కొండ పొదపిగిలి అనే పసుపు గొంతు పిట్ట వున్నది. దక్షిణ భారతదేశపు రాతికొండలలో తప్ప లోకంలో మరెక్కడా లేదు. హార్స్‌లీ కొండ, నంది కొండ, ఏర్కాడు మొదలైన చోట్ల కనబడుతుంది. దాని ఇల్లు నల్లరాతి బండలు, వాటి మధ్య పెరిగే పొదలు. ఆ బండలే గ్రానైటుగా కోయబడి లారీలలో పోతున్నవి. కృష్ణగిరి గ్రానైటు పేరు పొందిన సరుకు. మన ఇండ్ల గడపలు, అంగళ్ళ బల్లలు దానితోనే మెరుస్తున్నవి. ఒక గూటి దగ్గర గంటసేపు నిలబడినందుకు నేను ఇంత వ్యథపడినాను. గుట్టనే తీసివేసినప్పుడు అక్కడ ఎన్ని గూళ్ళు వుండినవో ఎవరూ చూడలేదు గనుక ఎవరికీ వ్యథ లేదు. చూచి చేసే హింస చిన్నది, చూడక చేసే హింస పెద్దది. రాయి కొనేముందు, గని కౌలుకు తీసుకొనేముందు, ఆ గుట్టను ఒకసారి దూరంనుండి శ్రద్ధగా చూడండి. అక్కడ ఎవరు కాపురమున్నారో విచారించండి. ఇల్లు కొనేటప్పుడు అందులో అద్దెకు వున్నవారిని విచారించమా?

పిల్లవానికి నేను చెప్పదలచిన సమాధానం ఇది. చూడడం పాపం కాదు నాయనా. మనం వుండగానే పక్షి తన పనికి తిరిగిపోతే మనం నిలిచిన దూరం సరియైనది. అది అరుస్తూ వుంటే, గుడ్లు వదలి కూర్చుంటే, మనం దాని ఇంటిలో నిలిచివున్నాము. లేచి రావాలి. కొలతబద్ద మన చేతిలో లేదు, పక్షి దగ్గర వున్నది.

మరుసటి వేసవిలో వాడు మరల వచ్చాడు. జలాశయం ఒడ్డున వేరొకచోట తీతువు గుడ్లు పెట్టింది. మేము చాల దూరంలో తుమ్మచెట్టు క్రింద కూర్చున్నాము. పిట్ట ఒకటి రెండు సార్లు అరచి ఊరకుండిపోయింది. నీటిలోకి దిగి రొమ్ము తడుపుకొని, అటూ ఇటూ చూచి, వచ్చి గుడ్లమీద కూర్చున్నది. పిల్లవాడు ఒకే ఒక ఫోటో తీశాడు. దానిని మా అంగడిలో గోడకు తగిలించాను. అందులో రాళ్ళు తప్ప ఏమీ కనబడవు. "ఇదేమి ఫోటో అయ్యా, పిట్ట ఎక్కడ?" అని వచ్చినవారు అడుగుతారు. అక్కడే వున్నది, కాపురం చేసుకొంటున్నది అని చెప్పుతాను.